చిక్కబడిన రక్తం, దృష్టిపటలం: వాల్డెన్‌స్ట్రోమ్ వ్యాధి చరిత్ర

ఒక పెద్దాయన్ను ఊహించుకోండి. వయస్సు డెబ్బైకి దగ్గర. కొన్ని నెలలుగా ముక్కు నుంచి అప్పుడప్పుడు నెత్తురు కారుతోంది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. మెట్లెక్కితే ఆయాసం, పగలంతా నిస్సత్తువ. ఈ మధ్య పత్రిక చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ముక్కు వైద్యుడు ముక్కులో గాజుగుడ్డ దట్టించి పంపించారు. ఇంటి దగ్గరి వైద్యుడు రక్తహీనతకు ఇనుము మాత్రలు వ్రాశారు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు మార్చారు. ఎవరి పని వారు సక్రమంగానే చేశారు. అయినా ఆయన జబ్బు ఏమిటో ఎవరికీ తెలియలేదు.

ఆ మూడు బాధలకూ మూలం ఒక్కటే కావచ్చునని చెప్పగలిగే పరీక్ష ఒకటుంది. కనుపాపను మందుచుక్కలతో పెద్దది చేసి, కంటి వెనుక గోడను లోపలివైపు కప్పి ఉంచే దృష్టిపటలాన్ని, అనగా రెటీనాను, తేరిపార చూడడం. అందుకు పట్టే సమయం కొద్ది నిమిషాలు. ఆ చూపు వెనుక సుమారు నూట డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉంది. వాల్డెన్‌స్ట్రోమ్ మాక్రోగ్లోబ్యులినీమియా అనే అరుదైన రక్తపు కాన్సర్ కథ ఆ చరిత్రలో ఒక ముఖ్య భాగం. ఆ కథను మీకు చెప్పడానికే ఈ వ్యాసం.

కంటి లోపలికి తొలి చూపు

బ్రతికి ఉన్న మనిషి కంటి లోపల ఏముందో 1850 వరకు ఏ వైద్యుడూ స్పష్టంగా చూడలేదు. కనుపాప నల్లగా కనిపిస్తుంది. లోపలికి పోయిన వెలుగు వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. ఆ దారికి మన తలను అడ్డుపెడితే వెలుగు లోపలికే పోదు. అప్పటి ప్రష్యా రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం బోధిస్తున్న హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్జ్, విద్యార్థులకు పాఠం చెప్పడానికి సిద్ధమవుతూ ఈ చిక్కుముడిని విప్పారు. వెలుగును కొంత పరావర్తనం చేస్తూ, కొంత తమగుండా పోనిచ్చే గాజు పలకలను ఏటవాలుగా అమర్చి, దీపపు వెలుగును రోగి కంటిలోకి పంపి, అదే మార్గాన తిరిగివచ్చే వెలుగును తన కంటితో పట్టుకున్నారు. 1850 డిసెంబరులో ఈ సంగతిని బెర్లిన్‌లో ప్రకటించి, మరుసటి ఏడు చిన్న పుస్తకంగా ప్రచురించారు. ఆ పరికరమే ఆఫ్తాల్మోస్కోప్.

శరీరాన్ని కోయకుండా ధమనులనూ సిరలనూ నేరుగా కళ్ళతో చూడగల చోటు మనిషిలో ఇదొక్కటేనని వైద్యులు త్వరలోనే గ్రహించారు. హెల్మ్‌హోల్జ్ దగ్గర పనిచేసిన రిచర్డ్ లీబ్రైక్ అనే యువ వైద్యుడు 1855లో దృష్టిపటలపు ప్రధాన సిర మూసుకుపోతే ఆ పటలం ఎలా కనిపిస్తుందో వర్ణించారు. 1861లో ఆయనే లుకీమియా రోగుల దృష్టిపటలంలోని మార్పులను వర్ణించారు. తెల్ల కణాలు అపరిమితంగా పెరిగే ఆ వ్యాధిని ఎడిన్‌బరోలో బెన్నెట్, బెర్లిన్‌లో ఫిర్షో 1845లో వేర్వేరుగా వర్ణించి అప్పటికి పదహారేళ్ళే అయింది. 1872లో స్విట్జర్లండు వైద్యుడు మోరిట్జ్ రాత్, మధ్యలో తెల్లని చుక్క ఉన్న రక్తపు మచ్చలతో ముడిపడిన మార్పులను పరిశీలించారు. ఆయన పేరుతో పిలిచే రాత్ మచ్చలు గుండె కవాటాల శోథలోనూ, రక్తపు కాన్సర్లలోనూ కనిపిస్తాయని ఈనాటికీ వైద్య విద్యార్థులకు బోధిస్తాం.

ఇలా పందొమ్మిదవ శతాబ్దం ముగిసేలోపే ఒక విషయం రూఢి అయింది. రక్తం చెడితే దాని జాడ కంటిలో కనపడుతుంది. అయితే ఆ రోజుల్లో రక్తం చెడడమంటే రక్తకణాలు చెడడమే. కణాలు ఈదులాడే ద్రవం, అనగా రక్తరసం, దానంతటది జబ్బుకు కారణం కాగలదన్న ఊహ రావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

ఉప్సాలాలో ఇద్దరు రోగులు

జాన్ యోస్టా వాల్డెన్‌స్ట్రోమ్ 1906లో స్టాక్‌హోమ్‌లో వైద్యుల కుటుంబంలో జన్మించారు. తాత ఉప్సాలాలో వైద్యాచార్యులు. తండ్రి హెన్నింగ్ ఎముకల శస్త్రవైద్యులు, పిల్లల తుంటికీలు వ్యాధులపై కృషి చేసినవారు. జాన్ మొదట పార్ఫిరియా అనే వంశపారంపర్య వ్యాధిపై పరిశోధించి పేరు తెచ్చుకున్నారు.

1944లో ఆయన ఒక స్కాండినేవియా వైద్యపత్రికలో ఇద్దరు రోగుల గురించి వ్రాశారు. ఇద్దరికీ ముక్కు నుంచి, నోటి నుంచి రక్తం కారుతోంది. లసికా గ్రంథులు ఉబ్బాయి. రక్తహీనత ఉంది. ఇ.ఎస్.ఆర్. విపరీతంగా పెరిగింది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ తగ్గింది. రక్తరసం అసాధారణంగా చిక్కగా ఉంది. చూడగానే మల్టిపుల్ మైలోమా అనిపించే పరిస్థితి ఇది. కాని మైలోమాలో ఎముకలు తొలుచుకుపోతాయి, ఎముకల నొప్పి ప్రధాన లక్షణంగా ఉంటుంది. వీరికి అది లేదు. ఎముక మూలుగలో కనిపించినవి కూడా మైలోమా కణాలు కావు, లింఫోసైట్ల వంటి కణాలు. ఇది కొత్త వ్యాధి కావచ్చునా అన్న సందేహాన్ని ఆయన దాచుకోలేదు. తన వ్యాసపు పేరు చివర ప్రశ్నార్థకం ఉంచారు.

ఆ ప్రశ్నకు జవాబు వెదకడానికి ఆయన పనిచేస్తున్న ఊరే సాయపడింది. ద్రావణాన్ని అతివేగంగా త్రిప్పి, అందులోని అణువులు ఎంత త్వరగా అడుగుకు దిగుతాయో చూసి, వాటి పరిమాణాన్ని లెక్కగట్టే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే యంత్రాన్ని 1920లలో రూపొందించిన థియోడోర్ స్వెడ్‌బర్గ్ ప్రయోగశాల ఉప్సాలాలోనే ఉంది. స్వెడ్‌బర్గ్‌కు 1926లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ ప్రయోగశాలలో కై పెడర్సన్ ఈ రోగుల రక్తరసాన్ని పరీక్షించగా, అణుభారం పది లక్షలకు చేరువగా ఉన్న ఒక భారీ గ్లోబ్యులిన్ పెద్ద మొత్తంలో కనిపించింది. మన రక్తంలో ఎక్కువగా ఉండే ప్రతిరక్షకాల అణుభారం సుమారు లక్షన్నర. మాక్రోగ్లోబ్యులినీమియా అనగా రక్తంలో పెద్ద గ్లోబ్యులిన్ ఉండడం. ఆ పేరు అలా వచ్చింది.

ఇంతటి యంత్రం ప్రతి ఆసుపత్రిలోనూ ఉండదు. అందుచేత తరువాతి దశాబ్దాలలో వైద్యులు ఒక చిన్న చిట్కాను ఆశ్రయించారు. శుద్ధమైన నీటిలో రోగి రక్తరసపు చుక్కను వేస్తే, గ్లోబ్యులిన్ మితిమీరి ఉన్నపుడు తెల్లని మబ్బులా విడిపోతుంది. కాలా అజార్ అనే జ్వరాన్ని గుర్తించడానికి సియా అనే వైద్యుడు 1924లో ప్రకటించిన పరీక్ష ఇది. బెంగాల్, బీహార్‌లను పీడించిన ఆ జ్వరం కోసం పుట్టిన పరీక్షే స్వీడన్‌లో వెలుగుచూసిన కాన్సర్‌కూ పనికివచ్చింది. ఈనాడు ఎలక్ట్రోఫోరెసిస్ దాని స్థానాన్ని ఆక్రమించింది.

పెద్ద అణువు, సన్నని నాళం

ఆ భారీ గ్లోబ్యులిన్‌ను ఇప్పుడు మనం ఐజిఎం అంటాం. మామూలు ప్రతిరక్షకం వంటి అయిదు భాగాలు ఒక చక్రంలా కలిసి ఏర్పడిన అణువిది. కొత్త సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశించినపుడు ముందుగా పుట్టుకొచ్చే రక్షకం ఇదే. వాల్డెన్‌స్ట్రోమ్ వ్యాధిలో ఎముక మూలుగలోని ఒకే కణం నుంచి పుట్టిన సంతతి అదుపు తప్పి పెరిగి, ఒకే రకపు ఐజిఎంను ఎడతెగక తయారుచేస్తుంది. ఈ వ్యాధి ఏటా పది లక్షల మందిలో సుమారు ముగ్గురికి వస్తుందని పాశ్చాత్య దేశాల లెక్కలు చెబుతున్నాయి. పురుషులలో ఎక్కువ. సాధారణంగా బయటపడే వయస్సు డెబ్బైకి అటూ ఇటూ.

ఐజిఎం ఆకారంలో పెద్దది కావడం వలన ఎనభై శాతం వరకు రక్తనాళాలలోనే ఉండిపోతుంది, కణజాలంలోకి అంతగా పోదు. ఎర్ర కణాలను నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అంటుకునేలా చేస్తుంది. రక్తఫలకాల మీద పూతలా పేరుకొని వాటి పని చెడగొడుతుంది. ముక్కు, చిగుళ్ళ నుంచి రక్తం కారడానికి ఇదొక కారణం. అన్నిటినీ మించి, రక్తాన్ని చిక్కబరుస్తుంది.

ద్రవం చిక్కనైతే ప్రవాహం ఎలా మందగిస్తుందో 1840లలో లెక్కగట్టిన ఫ్రెంచివాడు పాజుయ్ స్వయంగా వైద్యుడే. చిక్కదనపు కొలమానమైన సెంటీపాయిజ్ ఆయన పేరు మీద ఏర్పడినదే. మామూలు రక్తరసం నీటి కంటే సుమారు 1.4 నుంచి 1.8 రెట్లు చిక్కగా ఉంటుంది. అది 4 దాటితే చాలామందిలో లక్షణాలు మొదలవుతాయి. కొందరిలో అంతకు ముందే మొదలవుతాయి. ఇక్కడొక మెలిక ఉంది. ఐజిఎం పెరిగిన కొద్దీ చిక్కదనం సమపాళ్ళలో పెరగదు. పాకం కాచడం మీకు తెలుసు కదా. చాలాసేపు పలుచగానే ఉండి, ఒక దశ దాటాక ఉన్నట్టుండి ముదురుతుంది. ఇదీ అంతే. ఒక హద్దు దాటాక ఐజిఎం కొద్దిగా పెరిగినా రక్తం ఎంతో చిక్కబడుతుంది.

మరి ఈ చిక్కదనం కంటిలోనే అంత స్ఫుటంగా ఎందుకు కనిపిస్తుంది? దృష్టిపటలపు ప్రధాన సిర కంటి నుంచి బయటకు పోయేటపుడు ఒక గట్టి జల్లెడ పొరను దాటాలి. అక్కడ ధమనీ సిరా ఇరుకుగా ప్రక్కప్రక్కన ఉంటాయి. పటలం మీద ధమని సిరను దాటే ప్రతి చోటా రెండింటికీ ఒకే తొడుగు ఉంటుంది. సిర అక్కడ నొక్కుకుపోతుంది. పలుచని రక్తం ఆ ఇరుకుల్లో నుంచి జారుకుపోగలదు. చిక్కని రక్తం నిలిచిపోతుంది. సిరలు ఉబ్బుతాయి, పాముల్లా మెలికలు తిరుగుతాయి, ఇరుకు ఉన్నచోట నొక్కులు పడి సాసేజ్ గొలుసుల్లా కనిపిస్తాయి. తరువాత పటలం అంచులలో చుక్కలుగా, ఆపైన మధ్యభాగంలో మంటల ఆకారంలో రక్తపు మచ్చలు తేలుతాయి. ఇంకా ముదిరితే దృష్టినాడి వాస్తుంది. స్పష్టమైన చూపునిచ్చే మాక్యులా క్రింద ద్రవం చేరుతుంది. ఈ మార్పులు ఇంచుమించు ఎప్పుడూ రెండు కళ్ళలోనూ ఉంటాయి.

తొలి మార్పులు అంచులలో మొదలవుతాయని గుర్తుంచుకోండి. రోగి చూపు అప్పటికి చెక్కుచెదరదు. కనుపాపను పెద్దది చేయకుండా మధ్యభాగాన్ని మాత్రమే చూస్తే వైద్యునికి కూడా అవి కనపడవు.

నెత్తురు తీసి, నెత్తురు తిరిగి ఇచ్చి

కాన్సర్ కణాలను నిర్మూలించే మందులు లేని కాలంలో కూడా ఈ రోగుల చూపును కాపాడే ఉపాయం ఒకటి దొరికింది. 1914లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ జేకబ్ ఏబెల్, ఆయన సహచరులు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. రక్తాన్ని తీసి, ద్రవభాగాన్ని వేరుచేసి పారవేసి, కణాలను తిరిగి ఎక్కించారు. దానికి ప్లాస్మాఫెరెసిస్ అని పేరు పెట్టారు. ఆ పద్ధతికి తగిన వ్యాధి దొరకడానికి నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది.

1960లో ష్వాబ్, ఫాహీ అనే అమెరికా వైద్యులు వాల్డెన్‌స్ట్రోమ్ వ్యాధికి ప్లాస్మాఫెరెసిస్ చికిత్సను న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వివరించారు. ఐజిఎం అధికభాగం రక్తనాళాలలోనే ఉంటుంది కనుక, రక్తరసాన్ని తీసివేస్తే దానితోపాటు అదీ పోతుంది. పాకం పోలిక ఇక్కడ రోగికి అనుకూలంగా పనిచేస్తుంది. ఐజిఎంను కొంత తగ్గించినా చిక్కదనం బాగా దిగుతుంది. 1965లో ఫాహీ, బార్త్, సోలొమన్ అనే ముగ్గురు రక్తస్రావం, చూపు దెబ్బతినడం, తలనొప్పి, తలతిరుగుడు, మగత వంటి లక్షణాలను ఒక్కచోట చేర్చి అతిచిక్కదనపు లక్షణ సముదాయంగా వర్ణించారు.

ఆ రోజుల్లో ఇది చేతిపని. ఒక్కొక్క సంచి రక్తం తీయాలి, యంత్రంలో త్రిప్పాలి, పైన తేరిన ద్రవాన్ని తీసివేయాలి, కణాలను తిరిగి ఎక్కించాలి. గంటల తరబడి పట్టే శ్రమ. దీనిని సులభం చేసినవారిలో ఒక తండ్రి ఉన్నారు. ఐబిఎం సంస్థలో ఇంజనీరైన జార్జ్ జడ్సన్ కొడుకుకు లుకీమియా వచ్చింది. అమెరికా జాతీయ కాన్సర్ సంస్థలో ఆ చికిత్స జరుగుతుండగా, రక్తాన్ని నిరంతరంగా వేరుచేసే యంత్రాన్ని తయారుచేయడానికి ఆయన పూనుకున్నారు. వైద్యుడు ఎమిల్ ఫ్రైరైక్‌తో కలిసి 1960లలో దానిని సాధించారు. ఈనాడు మన రక్తనిధులలో ప్లేట్లెట్లను వేరుచేసే యంత్రాలు ఆ పరంపరలోనివే.

చికిత్స ఫలించిందో లేదో చెప్పే సాక్షి కూడా కన్నే. ప్లాస్మా మార్పిడి జరిగిన తరువాత సిరల ఉబ్బు తగ్గుతుంది. 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రక్తరసపు చిక్కదనం సగానికి చేరువగా తగ్గగా, దృష్టిపటల సిరల వ్యాసం సుమారు 15 శాతం తగ్గినట్లు కొలిచి చూపారు. రక్తపు మచ్చలు వారాలలో, నెలలలో కరుగుతాయి. కాని మాక్యులా క్రింద చేరిన ద్రవం అంత తేలికగా తొలగదు. రక్తం పలుచబడినా అక్కడి చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఆలస్యానికి చెల్లించవలసిన మూల్యం అది.

చరిత్ర నేర్పిన రెండు హెచ్చరికలు

మొదటిది రక్తం ఎక్కించడం గురించి. ఈ రోగులకు రక్తహీనత సహజం. హిమోగ్లోబిన్ 7 ఉన్నదని చూడగానే రక్తం ఎక్కించాలని చేయి తహతహలాడుతుంది. కాని అప్పటికే చిక్కబడిన ద్రవంలో మరిన్ని ఎర్ర కణాలను కలిపితే రక్తం ఇంకా చిక్కబడుతుంది. చూపు పోవచ్చు, గుండె అలసిపోవచ్చు, మెదడులో రక్తస్రావం కావచ్చు. అత్యవసరమైతే తప్ప ముందు ప్లాస్మా మార్పిడి చేసి, చిక్కదనం తగ్గాకే రక్తం ఎక్కించాలి.

రెండవది ఔషధం గురించి. 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ ఈ వ్యాధికి మంచి మందు. అయితే చికిత్స మొదట్లో కొందరిలో ఐజిఎం తగ్గడానికి బదులు తాత్కాలికంగా ఎగసిపడుతుందని 2004లో వైద్యులు ప్రకటించారు. ఐజిఎం బాగా ఎక్కువగా ఉన్న రోగికి ముందు కళ్ళు పరీక్షించి, అవసరమైతే ప్లాస్మా మార్పిడి చేసి, ఆ తరువాతే ఆ మందు ప్రారంభించడం అందుకే.

2012లో ఈ వ్యాధిగ్రస్తులలో నూటికి తొంభై మందికి పైగా మూలుగ కణాలలో ఎమ్‌వైడి88 అనే జన్యువులో ఒకే మార్పు ఉన్నదని ట్రియాన్ బృందం కనుగొన్నది. ఆ దారిలోనే 2015లో ఇబ్రుటినిబ్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి లభించింది. వాల్డెన్‌స్ట్రోమ్ ఈ రెండింటినీ చూడలేదు. ఆయన 1996లో మరణించారు. ఈ మాత్రలు వాడేవారిలో రక్తస్రావపు ముప్పు కొంత ఉన్నది కనుక కంటి పరీక్ష అవసరం ఇప్పటికీ తీరలేదు.

దాచిన జబ్బు

ఈ వ్యాధి ఒక దేశాధినేతను కూడా బలిగొన్నది. ఫ్రాన్స్ అధ్యక్షుడు జార్జ్ పాంపిడూ 1974 ఏప్రిల్ 2న పదవిలో ఉండగానే దీనితో మరణించారు. 1973లో ఐస్‌లాండ్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ను కలిసినపుడు ఆయన ముఖం మందుల వలన ఉబ్బి ఉండడాన్ని లోకమంతా చూసింది. అయినా జబ్బు పేరు ఆయన బ్రతికి ఉండగా ప్రజలకు తెలియనివ్వలేదు. రాజకీయ కారణాలు వేరు. మన ఇళ్ళలో కూడా పెద్దలు ముక్కు నుంచి వచ్చే నెత్తురును వేడి చేసిందనీ, మసకబారిన చూపును వయసనీ చెప్పి దాచుకోవడం నేను ఎన్నోమార్లు చూశాను.

మీరు చేయవలసినది

మన తెలుగు నేలపై మధుమేహమూ, రక్తపుపోటూ విస్తారంగా ఉన్నాయి. దృష్టిపటలం మీద రక్తపు మచ్చ కనిపించగానే మన మనస్సు వాటి మీదికే పోతుంది. చాలాసార్లు అదే నిజం కూడా. కాని చక్కెర అదుపులో ఉండి, లేదా మధుమేహమే లేకుండా, రెండు కళ్ళలోనూ సిరలు ఉబ్బి మచ్చలు కనిపిస్తే ఆగి ఆలోచించాలి. ఒకేసారి రెండు కళ్ళలోనూ సిర మూసుకుపోయినట్లు కనపడడం అరుదు. అటువంటపుడు రక్తకణాల లెక్క, ఇ.ఎస్.ఆర్., రక్తరసపు మొత్తం మాంసకృత్తులు, ఆల్బుమిన్ చేయించండి. ఇవి చిన్న పట్టణాలలో కూడా దొరికే చవక పరీక్షలు. మొత్తం మాంసకృత్తులు ఎక్కువగా ఉండి, ఆల్బుమిన్ ఎక్కువ కాకపోతే, మిగిలినది గ్లోబ్యులినే. అప్పుడు రక్తరసపు ఎలక్ట్రోఫోరెసిస్, ఐజిఎం కొలత, రక్తవ్యాధుల నిపుణుని సలహా అవసరం.

ముక్కు నుంచి తరచు రక్తం, కారణం తెలియని అలసట, చూపులో మసక, ఈ మూడూ కలిసి ఉంటే మూడింటినీ ఒకే వైద్యునికి ఒకే కూర్చోవడంలో చెప్పండి. కంటి వైద్యుని వద్దకు వెళితే మందుచుక్కలు వేసి పటలపు అంచుల వరకు చూడమని అడగండి. ఆ పూట చూపు మసకగా ఉంటుంది కనుక వాహనం నడపకండి, తోడుగా ఒకరిని తీసుకువెళ్ళండి. చూపు అకస్మాత్తుగా తగ్గినా, దానితోపాటు తలనొప్పి, మగత, తడబాటు ఉన్నా, అది అత్యవసర పరిస్థితి. మరునాటి దాకా ఆగవద్దు.

ఈ వ్యాధి మీకు గాని, మీవారికి గాని ఉండే అవకాశం బహు తక్కువ. కాని ఆ పది లక్షలలో ముగ్గురు కూడా ఎవరో ఒకరి తల్లిదండ్రులే. ఇంట్లో పెద్దలు కళ్ళద్దాలు మార్చుకున్నా అక్షరాలు కనపడడం లేదంటే, ఒకసారి కంటి వైద్యునికి చూపించి రండి.